చర్చిల్లో ఇంధన పొదుపు, సృష్టి సంరక్షణ ఉద్యమం

క్రైస్తవ సంఘాలు తమ ఆరాధన మందిరాల్లో, పాస్టర్ల ఇళ్లలో, బడుల్లో ఇంధన వాడకాన్ని తగ్గించుకుంటూ, పర్యావరణ రక్షణను విశ్వాస జీవితంలో భాగం చేసుకునే కృషి ఇది. 1960లలో వేదాంత చర్చగా మొదలై, 1980లలో అంతర్జాతీయ సభల తీర్మానాల్లోకి ఎక్కి, 1990ల చివరి నుంచి మీటరు రీడింగులు, బాయిలర్లు, సౌర ఫలకాల దాకా వచ్చింది. ప్రకటనలు ముందు వచ్చాయి. లెక్కలు రావడానికి మరో తరం పట్టింది. ఉద్యమం స్థానిక సంఘాల చేతికి వచ్చింది ఆ లెక్కలతోనే.

వేదాంత నేపథ్యం

తొలి పిలుపుల్లో ఒకటి భారతదేశంలోనే వినిపించింది. 1961లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ చర్చిల మండలి మూడో మహాసభలో అమెరికా లూథరన్ వేదాంతి జోసెఫ్ సిట్లర్ ప్రసంగిస్తూ, క్రీస్తు విమోచన మనుషులకే పరిమితం కాదని, సృష్టి అంతా దాని పరిధిలోకి వస్తుందని వాదించారు. అప్పట్లో దానికి పెద్ద స్పందన రాలేదు.

1967లో చరిత్రకారుడు లిన్ వైట్ ‘సైన్స్’ పత్రికలో రాసిన వ్యాసం మాత్రం దుమారం రేపింది. ప్రకృతి మనిషి అవసరాలకే ఉందన్న భావనను పాశ్చాత్య క్రైస్తవం బలపరిచిందని, పర్యావరణ సంక్షోభంలో దానికి పెద్ద బాధ్యత ఉందని ఆయన నిందించారు. అదే వ్యాసంలో అస్సిసీకి చెందిన ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తలకు పాలక పునీతుడిగా ప్రతిపాదించారు. 1979లో పోప్ రెండో జాన్ పాల్ ఫ్రాన్సిస్‌కు ఆ స్థానాన్ని అధికారికంగా ఇచ్చారు.

వైట్‌కు జవాబు చెప్పే ప్రయత్నంలో వేదాంతులు ఆదికాండాన్ని మళ్లీ చదివారు. మొదటి అధ్యాయంలో భూమిని లోబరచుకొమ్మన్న ఆజ్ఞను, రెండో అధ్యాయంలో ఏదెను తోటను సాగుచేసి కాపాడే పనితో కలిపి చూడాలన్నారు. మనిషి భూమికి యజమాని కాడు, లెక్క అప్పజెప్పాల్సిన గృహనిర్వాహకుడు అన్న ఆలోచన ఈ చర్చలోనే బలపడింది. జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ 1985లో సృష్టి సిద్ధాంతంపై రాసిన గ్రంథం దీనికి విద్వత్తు పరంగా అండగా నిలిచింది.

సభలు, తీర్మానాలు

ప్రపంచ చర్చిల మండలి 1983లో కెనడాలోని వాంకూవర్ మహాసభలో న్యాయం, శాంతి, సృష్టి సమగ్రత అనే మూడింటినీ ఒకే కార్యక్రమం కిందికి తెచ్చింది. 1990లో సియోల్‌లో ఇదే అంశంపై ప్రత్యేక సమావేశం జరిగింది. పేదరికానికీ ప్రకృతి విధ్వంసానికీ ఉన్న ముడిని విడదీయకూడదన్న పేద దేశాల సంఘాల పట్టుదల ఈ సమావేశాల్లో బలంగా వినిపించింది.

ఆర్థడాక్స్ శాఖలో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ మొదటి డిమిట్రియోస్ 1989లో సెప్టెంబరు 1ని పర్యావరణం కోసం ప్రార్థన దినంగా ప్రకటించారు. ఆయన తర్వాత వచ్చిన బర్తలోమియోకు ‘హరిత పాట్రియార్క్’ అనే పేరే స్థిరపడింది. ప్రకృతికి చేసే కీడు పాపమేనని ఆయన 1997లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా సదస్సులో స్పష్టం చేశారు. సెప్టెంబరు 1 నుంచి ఫ్రాన్సిస్ పండుగ అయిన అక్టోబరు 4 దాకా ‘సృష్టి కాలం’ పాటించే ఆచారం ఆ తర్వాత పలు శాఖలకు పాకింది.

కతోలిక శాఖలో రెండో జాన్ పాల్ 1990 ప్రపంచ శాంతి దిన సందేశాన్ని పర్యావరణానికే కేటాయించారు. 2008లో వాటికన్‌లోని ఆరో పాల్ సభామందిరం పైకప్పు మీద దాదాపు 2,400 సౌర ఫలకాలు అమర్చారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ, 2023 అక్టోబరు 4న దానికి కొనసాగింపుగా వచ్చిన ‘లౌదాతే దేవుమ్’ వాతావరణ మార్పును నైతిక ప్రశ్నగా విశ్వాసుల ముందుంచాయి. ‘లౌదాతో సీ’ని ఆచరణలో పెట్టడానికి విచారణలు (స్థానిక కతోలిక సంఘాలు), బడులు, కుటుంబాలు ఏడేళ్ల ప్రణాళిక వేసుకునే వేదికను 2021లో వాటికన్ ఏర్పాటు చేసింది.

మందిరం వేడి: సమస్య తీరు

చలి దేశాల చర్చిల్లో ఇంధనంలో అత్యధిక భాగం మందిరాన్ని వెచ్చబరచడానికే పోతుంది. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న పాత కట్టడంలో వేడిగాలి పైకి పోయి నిలుస్తుంది. కింద బల్లల మీద కూర్చున్నవాళ్లకు చలి తగ్గదు. వారానికి గంటో రెండు గంటలో జరిగే ఆరాధన కోసం ముందురోజు నుంచే బాయిలర్ మండించాల్సి వస్తుంది. అలాగని ఒక్కసారిగా వేడి పెంచితే గాలిలో తేమ పడిపోయి ఆర్గన్ చెక్కలు, పాత కొయ్య శిల్పాలు, రంగులు పగుళ్లిస్తాయి.

అందుకే గాలిని వదిలేసి మనుషులకే వెచ్చదనం అందేలా బల్లల కింద చిన్న హీటర్లు పెట్టడం, కిటికీల సందులు మూయడం, ఎల్‌ఈడీ దీపాలు, హీట్ పంపులు అమర్చడం వంటి పద్ధతులు వచ్చాయి. జర్మనీలో కొన్ని సంఘాలు చలికాలం నెలల్లో పెద్ద మందిరానికి తాళం వేసి, ఆరాధనను పక్కనున్న చిన్న హాలుకు మారుస్తాయి. దీన్ని ‘శీతాకాలపు చర్చి’ అంటారు.

జర్మనీ

1986 చెర్నోబిల్ ప్రమాదం తర్వాత జర్మన్ సంఘాల్లో అణు విద్యుత్తుపై వ్యతిరేకత బలపడింది. నల్ల అడవి ప్రాంతంలోని షోనావ్ పట్టణ పౌరులు స్థానిక విద్యుత్ వ్యవస్థను తామే కొనుక్కున్నారు. అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి పైకప్పు 1990ల చివర సౌర ఫలకాలతో నిండింది.

అంతకన్నా విస్తృతంగా పాకింది పర్యావరణ నిర్వహణ పద్ధతి. యూరోపియన్ యూనియన్ పరిశ్రమల కోసం రూపొందించిన ‘ఈమాస్’ ప్రమాణం 2001లో అన్ని రకాల సంస్థలకూ వర్తించేలా మారింది. దాన్ని చర్చిలకు అనువుగా మలచుకున్నదే వుర్టెంబర్గ్‌లో ‘గ్రూనర్ గోకెల్’, వెస్ట్‌ఫేలియాలో ‘గ్రూనర్ హాన్’. రెండింటికీ అర్థం ఆకుపచ్చ కోడిపుంజు. అక్కడి చర్చి గోపురాల మీద గాలివాటు చూపే కోడిపుంజు నుంచి ఈ పేరు వచ్చింది. ఇందులో చేరిన సంఘం ఒక చిన్న బృందాన్ని ఏర్పరచుకుంటుంది. కరెంటు, గ్యాసు, నీటి మీటర్లను క్రమం తప్పకుండా చదివి రాసుకుంటుంది. లక్ష్యాలు పెట్టుకుని నివేదిక ప్రచురిస్తుంది. బయటి తనిఖీదారు వచ్చి చూసిన తర్వాతే ధ్రువపత్రం దక్కుతుంది.

ఇంగ్లండ్

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2006లో తన కర్బన పాదముద్రను తగ్గించుకునే ప్రచారాన్ని మొదలుపెట్టింది. 2008 శ్రమకాలంలో లండన్, లివర్‌పూల్ బిషప్‌లు ‘కర్బన ఉపవాసం’ పాటించమని పిలుపునిచ్చారు. ఇంట్లో ఒక బల్బు తీసేసి నలభై రోజులూ అది లేకుండా గడపడం అందులో సూచించిన పనుల్లో ఒకటి. 2016లో ‘అ రోషా’ అనే క్రైస్తవ పర్యావరణ సంస్థ ప్రారంభించిన ‘ఎకో చర్చ్’ పథకం సంఘాలకు కంచు, వెండి, బంగారు స్థాయుల గుర్తింపునిస్తుంది. భవనాలతో పాటు ఆరాధన, స్థలం, సమాజ సేవ, సభ్యుల జీవనశైలినీ ఇందులో లెక్కలోకి తీసుకుంటారు.

2020 ఫిబ్రవరిలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సర్వసభ కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడంపై ఓటు వేసింది. ముసాయిదాలో గడువు 2045గా ఉండగా, సవరణ ద్వారా దాన్ని 2030కి కుదించారు. ఇది దాదాపు 16,000 చర్చిలకూ, వేల బడులకూ, పాస్టర్ల ఇళ్లకూ సంబంధించిన నిర్ణయం. ఏటా ఎవరి వాడకాన్ని వాళ్లే నమోదు చేసుకునే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. 2022 జూలై నుంచి అనుమతుల నియమాలు మారాయి: ఎల్‌ఈడీ దీపాల వంటి మార్పులు సులువయ్యాయి, చమురు బాయిలర్ స్థానంలో మరో చమురు బాయిలర్ పెట్టడం కష్టమైంది.

అమెరికా, ఇతర దేశాలు

1998లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కథీడ్రల్‌కు చెందిన ఎపిస్కోపల్ గురువు శాలీ బింగమ్, స్టీవ్ మకాస్లాండ్‌తో కలిసి ‘ఎపిస్కోపల్ పవర్ అండ్ లైట్’ను స్థాపించారు. కాలిఫోర్నియాలో వినియోగదారులు తమ విద్యుత్ సరఫరాదారును ఎంచుకునే వీలు అప్పుడే వచ్చింది. చర్చిలన్నీ కలిసి పునరుత్పాదక విద్యుత్తు కొనాలన్నది తొలి ఆలోచన. తర్వాత అన్ని మతాలకూ తలుపులు తెరిచి ‘ఇంటర్‌ఫెయిత్ పవర్ అండ్ లైట్’గా మారి, అనేక రాష్ట్రాలకు విస్తరించింది. ఫిలిప్పీన్స్‌లోని మాసిన్ కతోలిక పీఠం 2018లో తన విచారణల చర్చిలపై సౌర ఫలకాలు అమర్చింది.

దక్షిణ ఇండియా సంఘం

1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో దోర్నకల్, మెదక్, కరీంనగర్, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల అధ్యక్షఖండాలు తెలుగు ప్రాంతాల్లో ఉన్నాయి. సంఘం సినడ్‌లో పర్యావరణ వ్యవహారాలకు ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. జూన్‌లో ప్రపంచ పర్యావరణ దినం సమయానికి పర్యావరణ ఆదివారం పాటిస్తారు. సభల్లో, విందుల్లో వాడిపారేసే ప్లాస్టిక్‌ను మానాలన్న హరిత నియమావళినీ సినడ్ ప్రోత్సహించింది.

వేడి ప్రాంతాల చర్చికి బాయిలర్ అక్కర్లేదు. ఇక్కడ ఖర్చంతా ఫ్యాన్లు, దీపాలు, మైకు సెట్లు, కొత్తగా ఏసీలు. కాబట్టి యూరప్ పరిష్కారాల్లో సౌర ఫలకాలు, ఎల్‌ఈడీ దీపాలు మాత్రమే నేరుగా పనికొస్తాయి. ఎండ సమృద్ధిగా ఉండటం, ఆరాధన ఎక్కువగా పగటి పూటే జరగడం సౌర విద్యుత్తుకు అనుకూలాంశాలు.

పెట్టుబడులు

ఇంధన వాడకం తగ్గించుకునే సంఘాలే తమ నిధులను చమురు కంపెనీల్లో ఉంచడమేమిటన్న ప్రశ్న 2010లలో ముందుకొచ్చింది. 2013లో అమెరికాలోని యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ శిలాజ ఇంధన పెట్టుబడుల నుంచి తప్పుకునే దిశగా తీర్మానించింది. 2014లో ప్రపంచ చర్చిల మండలి వాటిని తన పెట్టుబడుల నుంచి మినహాయించింది. చమురు కంపెనీలను లోపలి నుంచి మార్చవచ్చని ఏళ్ల తరబడి వాదించిన చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ నిధి నిర్వాహకులు 2023లో షెల్, బీపీ సహా మిగిలిన పెద్ద కంపెనీలన్నిటి నుంచీ వైదొలిగారు.

విమర్శలు, అంచనా

ఉద్యమానికి చర్చిల లోపలే వ్యతిరేకత ఉంది. 2000లో అమెరికాలో వెలువడిన కార్న్‌వాల్ ప్రకటన వాతావరణ భయాలు అతిశయోక్తులని, నియంత్రణలు పేదలకే చేటని వాదించింది. 2006లో 86 మంది ఇవాంజెలికల్ నాయకులు భిన్నంగా, వాతావరణ మార్పుపై చర్య కోరుతూ సంతకాలు చేశారు.

చారిత్రక కట్టడాల రూపం చెడుతుందన్న అభ్యంతరం మరొకటి. 2023లో కేంబ్రిడ్జ్‌లోని కింగ్స్ కాలేజ్ చాపెల్ పైకప్పు మీద 438 సౌర ఫలకాలు అమర్చే ముందు ఇదే వివాదం నడిచింది. సభ్యులు తగ్గిపోతున్న చిన్న సంఘాలకు హీట్ పంపు ఖర్చు మోయలేని భారం కూడా.

లెక్కల్లోనూ చిక్కులున్నాయి. పునరుత్పాదక విద్యుత్తు ఇచ్చే సంస్థకు మారితే కాగితం మీద ఉద్గారాలు పడిపోతాయి, వాడకం మాత్రం అంతే ఉండవచ్చు. యూరప్‌లో కొన్ని మందిరాలు మూతపడటం వల్ల వచ్చే తగ్గుదల కూడా మొత్తంలో కలిసిపోతుంది. అందువల్ల ఒక్కో భవనానికి, ఒక్కో ఆరాధనకు ఎంత ఇంధనం ఖర్చయిందో విడిగా చూసినప్పుడే నిజమైన పొదుపు తెలుస్తుంది. మీటరును క్రమం తప్పకుండా చదివే సంఘాలు మాత్రమే ఆ లెక్క చూపగలవు.