ఒక్క యిల్లు, నాలుగు జిల్లాలు

మన సంఘమున క్రొత్తగా చేరినవారిని మొట్టమొదట అడుగు ప్రశ్న "మీది ఏ జిల్లా?" అనియే గదా! ఇంటిపేరు, గోత్రము తరువాతి మాట. నా మట్టుకు నాకీ ప్రశ్నకు సమాధానము సులభముగా రాదు.

మా తాతగారు 1898లో ఏలూరు తాలూకాలోని ఒక పల్లెయందు జన్మించిరి. నాడది గోదావరి జిల్లా. 1904లో గుంటూరు జిల్లాను కృష్ణానుండి వేరుచేసినప్పుడు ఏలూరు, తణుకు, భీమవరము మున్నగు తాలూకాలను గోదావరినుండి తీసి కృష్ణాలో కలిపిరి. కావున తాతగారి బడి పత్రమున 'కృష్ణా జిల్లా' యని యున్నది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా యేర్పడెను. మా తండ్రిగారి కాగితములన్నియు ఆ పేరుతోనే యున్నవి. 2022లో ఏలూరు జిల్లా పుట్టినది. ఇల్లు కదలలేదు, పెరటి చింతచెట్టు కదలలేదు.

మా పూర్వులకొక చిన్న యీనాము ఉండెడిదని మా నాయనమ్మ పలుమారు చెప్పెడిది. ఎవరిచ్చిరో, ఏ తరమువారికో ఆమె యెరుగదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషనువారు గ్రామగ్రామమునకు రిజిస్టర్లు వ్రాయించిరి. ఈనాము మొదట నెవరికి దక్కినది, నాడెవరి యనుభవమున నున్నది అను వివరములు వానియందుండును. వంశచరిత్ర వెదకువారికి ఇంతకు మించిన నిధి లేదు. ఒకమారు సెలవు పెట్టి, తాతగారి బడి పత్రము చేతబట్టుకొని, పాత రికార్డులుంచు చోట కృష్ణా జిల్లా పట్టికలలో రెండు దినములు వెదకితిని. మా ఊరి పేరే కానరాలేదు. నాయనమ్మ మాట వట్టి కథయని తలచితిని. మూడవనాడు అచ్చటి వృద్ధ గుమాస్తా యొకరు ఆ పత్రమును చూచి నవ్వి, "అయ్యా, ఇది 1904 తరువాతి కాగితము. మీరడుగునది అంతకు నలుబదియేండ్లు ముందటిది. గోదావరి కట్ట తీయించుకొనుడు" అనిరి. అరగంటలో దొరకెను. మా ముత్తాతగారి తండ్రి పేరు మొదటిసారి చదివితిని. వినిపించుటకు నాయనమ్మ అప్పటికి లేదు.

జనాభా లెక్కలలో పూర్వుల పేర్లు దొరకునని ఆశపడువారు కలరు. అచ్చయిన పట్టికలయందు సంఖ్యలేగాని మనుష్యులుండరు. 1948 నాటి జనగణన చట్టము ప్రకారము ఇంటింటి వివరములను పైవారు చూడరాదు. సంఖ్యలతోనైనను జాగ్రత్త వలయును. 1901 నాటి కృష్ణా జిల్లా జనాభాలో గుంటూరువారును ఉన్నారు. తరువాతి పుస్తకములలో అదే సంవత్సరపు సంఖ్యను క్రొత్త హద్దులకు సరిపడ సవరించి చూపుదురు. రెండు పుస్తకములు పోల్చి "తప్పు" అనువారు హద్దులను మరచినవారు.

భద్రాచలమువారి చిక్కు మరి పెద్దది. ఆ తాలూకా 1874 వరకు మధ్యపరగణాలలోనిది. పిదప మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మమునకు మారెను. ఆ ఖమ్మమే 1953 వరకు వరంగల్లు జిల్లాలోని భాగము. నిజాము రాజ్యపు కాగితములలో ఫసలీ సంవత్సరములుండును. వానికి 590 కలుపుకొనవలయును.

నా యనుభవమున జిల్లాకంటె తాలూకా పేరు నమ్మదగినది. 1985లో మండలములు వచ్చినందున పిల్లలకు ఆ పేర్లును తెలియవు; ఇంటి పెద్దలనడిగి నేడే వ్రాసియుంచుకొనుట మేలు.

నాయనమ్మ పుట్టినిల్లు ఇంకను వెదకవలసియున్నది. ఒంగోలు తాలూకా, 1902. నాడది నెల్లూరు జిల్లా. ఈమారు నెల్లూరు కట్టనే ముందడిగెదను.