సున్నిపిండి నుంచి క్రీము దాకా: సౌందర్య సాధనాలకు సూక్ష్మజీవుల పరీక్ష ఎందుకు?

పసిపిల్లలకు నలుగు పెట్టే సున్నిపిండి, కాటుక, కలబంద గుజ్జు, మందార నూనె తరతరాలుగా మన ఇళ్లలో చేసుకుంటున్నవే. ఇంటి మట్టుకు వాడుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బాల్లో నింపి అమ్మడం మొదలుపెడితే మాత్రం అవి 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కిందికి వస్తాయి. మనం బెంగళూరులో ఉన్నా, చెన్నైలో ఉన్నా, బరంపురం, ముంబై, యానాంలలో ఉన్నా చట్టం ఒకటే. లేబుల్ మీద "సహజం" అని రాసినంత మాత్రాన మినహాయింపు దొరకదు.

తడి ఉన్నచోటే చిక్కు

బాక్టీరియా, బూజు పెరగాలంటే నీరు కావాలి. పొడిగా ఉన్న సున్నిపిండిలో సూక్ష్మజీవులు లేవని కాదు, పెరగలేక అలా పడి ఉంటాయంతే. తడి చెయ్యి పెట్టినా, రోజ్ వాటర్ కలిపి నిల్వ చేసినా అవి పెరగడం మొదలవుతుంది. క్రీము, లోషన్, షాంపూ, కలబంద జెల్ వంటి వాటిలో నీరు ఎక్కువ కాబట్టి సరిపడా ప్రిజర్వేటివ్ లేకపోతే త్వరగా చెడతాయి. చెడినా రంగు, వాసన మారకపోవచ్చు. అందుకే చూసి చెప్పడం కుదరదు, పరీక్షే చేయించాలి.

ప్రయోగశాలలో చూసేది

మన దేశంలో ఈ పరీక్షల విధానం ఐఎస్ 14648లో ఉంది. ముందుగా నమూనాలోని ప్రిజర్వేటివ్ పనిచేయకుండా చేస్తారు. లేకపోతే బతికున్న క్రిములు కూడా లెక్కలోకి రావు. తర్వాత పోషక పదార్థం ఉన్న పళ్లెంలో వేసి కొన్ని రోజులు ఉంచి, ఎదిగిన గుంపులను లెక్కపెడతారు. ఆ లెక్కే సీఎఫ్‌యూ.

ఐఎస్ఓ 17516 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గ్రాముకు 1000 సీఎఫ్‌యూ మించకూడదు. మూడేళ్ల లోపు పిల్లలకు వాడేవి, కంటి చుట్టూ రాసేవి అయితే పరిమితి 100 మాత్రమే. వీటితోపాటు ఈ.కోలై, స్యూడోమోనాస్ ఎరుగినోసా, స్టాఫిలోకోకస్ ఆరియస్, కాండిడా ఆల్బికాన్స్ అసలే కనిపించకూడదు. వీటిలో స్యూడోమోనాస్ కంటి నల్లగుడ్డుకు గాయమైన చోట చేరితే చూపుకే ముప్పు.

ఈ లెక్క డబ్బా తెరవకముందు ఉన్న స్థితినే చెబుతుంది. తెరిచాక రోజూ వేళ్లు పెడుతుంటే ఏమవుతుందో తెలియాలంటే మరో పరీక్ష ఉంది. అందులో కావాలనే క్రిములను కలిపి, 28 రోజుల పాటు అవి ఎంత తగ్గాయో చూస్తారు. క్రీము అమ్మదలచిన వారు ఈ పరీక్షను వదిలేయకూడదని మా సలహా.

అమ్మదలచిన వారికి

2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీకి రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి అనుమతి కావాలి. దరఖాస్తు ఫారం కాస్-5, లైసెన్సు కాస్-8. మహారాష్ట్రలో ఎఫ్‌డీఏ, మిగతా రాష్ట్రాల్లో ఔషధ నియంత్రణ విభాగం దీన్ని చూస్తాయి. యానాం వారు పుదుచ్చేరి ప్రభుత్వాన్ని సంప్రదించాలి. సొంత యూనిట్ పెట్టుకోలేని వారు లైసెన్సు ఉన్న మరొకరి యూనిట్‌లో తయారు చేయించుకునేందుకు లోన్ లైసెన్సు తీసుకోవచ్చు. "తామర తగ్గిస్తుంది" వంటి మాటలు రాస్తే అది మందు కిందికి వస్తుంది, అప్పుడు నిబంధనలే వేరు.

కొనేవారికి

తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా, ఎప్పటిలోగా వాడాలో తెలిపే గడువు లేబుల్ మీద ఉండాలి. తెలిసినవాళ్లు చేశారని, వాట్సాప్ గ్రూపులో మనవాళ్లే అమ్ముతున్నారని ఇవేవీ చూడకుండా కొనకండి. ముఖ్యంగా పసిపిల్లల ఒంటికి, కంటికి వాడేవైతే అసలే వద్దు. ఇంట్లో ఒకే కాటుక డబ్బాను అందరూ వాడకండి. క్రీము పలచబడిందని నీళ్లు, గట్టిపడిందని నూనె కలపకండి.

అనుమానం వస్తే మిగిలిన సరుకు, బిల్లు దాచి ఉంచండి. చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, కొన్న వస్తువును నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు కొనుగోలుదారుకు ఉంది. ఉంటున్న రాష్ట్ర భాషలో మాట్లాడటం ఇబ్బందైన పెద్దవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పుకోవచ్చు.