మడత చాకును తెరచే విద్య

కొత్త మడత చాకు చేతికి వచ్చినప్పుడు మొదట తెలిసివచ్చేది దాని పదును కాదు, మొండితనం. గోరు జారిపోతుంది, అలుగు కదలదు. గట్టిగా లాగితే ఒక్కసారిగా తెరచుకొని మనిషిని ఉలిక్కిపడేటట్లు చేస్తుంది. అంగడివాడు పాడైన సరుకు అంటగట్టాడని అనుకొనేవారు కూడ ఉంటారు. నిజానికి ఆ మొండితనం చాలవరకు తయారుచేసినవారు కోరి పెట్టినదే. జేబులో ఉన్నంతసేపు చాకు తనంతట తాను తెరచుకోరాదు. చేతిలోనికి రాగానే సులభంగా తెరచుకోవలెను. ఈ రెండు కోరికలకు పొత్తు కుదర్చటానికి మనిషి పడిన తంటాలే మడత చాకు చరిత్ర.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి మడత కత్తి క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటిదని భావిస్తున్నారు. రోమనులు కూడ మడత కత్తులు వాడినారు. ఆ పాత పద్ధతి చాల సులభమైనది. అలుగును పిడికి ఒక సీలతో బిగిస్తారు. సీలవద్ద కలిగే ఘర్షణ తప్ప అలుగును నిలిపి ఉంచేది మరేదీ లేదు. మన మంగలికత్తి ఇటువంటిదే. దాని అలుగుకు సీల ఆవల చిన్న తోక ఉంటుంది. తోకను వేలితో నొక్కితే అలుగు పైకి లేస్తుంది. జపానులోని మికి పట్టణంలో 1890 దశకంలో పుట్టిన 'హిగోనోకామి' చాకుకు కూడ ఇటువంటి తోకే ఉన్నది. అక్కడి బడిపిల్లలు చాలకాలం పెన్సిళ్ళు చెక్కుకొన్నది దానితోనే. తోకమీద బొటనవేలు అదిమి ఉంచినంతవరకు ప్రమాదం లేదు. వేలు ఏమరితే మాత్రం అలుగు మడచుకొని పిడి పట్టుకొన్న వేళ్ళమీదనే పడుతుంది.

ఈ లోపాన్ని కొంత సవరించినది స్ప్రింగు. ఇంగ్లండులో షెఫీల్డు పరిసరాల కత్తి పనివారి సంఘం 1624లో పార్లమెంటు శాసనంతో ఏర్పడినది. పిడి వెన్నులో ఉక్కు పట్టీని స్ప్రింగుగా అమర్చిన చాకులు అక్కడ తయారుకాసాగినది ఆ శతాబ్దంలోనే. ఇందులోని కిటుకు గమనించదగినది. అలుగు మొదలు గుండ్రంగా ఉండదు, ఇంచుమించు చదరంగా ఉంటుంది. చాకు మూసి ఉన్నప్పుడు ఒక చదునైన వైపు, పూర్తిగా తెరచినప్పుడు మరొక చదునైన వైపు స్ప్రింగుకు ఆని నిలుస్తాయి. నడుమ దారిలో చదరపు మూల స్ప్రింగును పైకెత్తవలసి వస్తుంది. మూల దాటేవరకు స్ప్రింగు అలుగును లోపలికే లాగుతుంది. దాటగానే అదే స్ప్రింగు బయటకు తోస్తుంది. కొత్తవారిని ఉలిక్కిపడేటట్లు చేసే 'టక్' మనే చప్పుడుకు కారణమిదే.

ఇటువంటి అలుగును పట్టి లాగటానికి దాని ప్రక్కన నెలవంకవలె ఒక గాటు పెడతారు. అది గోటికి ఆసరా. ఈ గాటు సాధారణంగా సీలకు దూరంగా, కొసవైపున ఎందుకుంటుందో బలభ్రామకం పాఠం చదివిన విద్యార్థి చెప్పగలడు. సీలకు 2 సెంటీమీటర్ల దూరంలో లాగితే 3 కిలోల బలం కావలసి వచ్చినదనుకొందాం. 4 సెంటీమీటర్ల దూరంలో కిలోన్నర చాలును. గోరు విరిగేదీ మిగిలేదీ ఈ తేడామీదనే ఆధారపడి ఉన్నది.

బలంకంటె పట్టు ముఖ్యం. పిడిని ఎడమచేతి వేళ్ళతో రెండు ప్రక్కలా పట్టుకోవలెను. అలుగు దాగి ఉండే గాడికి అడ్డంగా ఏ వేలూ ఉండరాదు. కుడి బొటనవేలి గోటిని గాటులో ఆనించి, రెండవ వైపున చూపుడువేలిని ఉంచి అలుగును చిటికెపట్టు పట్టవలెను. అప్పుడు అలుగును గుంజటానికి మారుగా, దానిని కదలకుండ ఉంచి పిడినే మెల్లగా వెనుకకు త్రిప్పితే పని సుళువవుతుంది. మూసేటప్పుడు అరచేతితో అలుగు వెన్నును నొక్కవలెను. వేళ్ళు తెగేది ఎక్కువగా మూసేటప్పుడే. ఇక కొత్త చాకు కీలులో మెరుగుపెట్టినప్పటి పొడి చిక్కుకొని ఉండవచ్చును. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, బాగా ఆరనిచ్చి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి కొన్ని రోజులు తెరచి మూస్తుంటే కీలు అరిగి నునుపు తేలుతుంది. వంటనూనె పనికిరాదు. అది కొన్నాళ్ళకు జిగురుకట్టి మొండితనాన్ని రెట్టింపు చేస్తుంది.

ఫ్రాన్సులో సవాయ్ ప్రాంతపు రైతులు మరొక ఉపాయం కనిపెట్టినారు. జోసెఫ్ ఒపినెల్ 1890లో అక్కడ చేసిన చాకుకు కొయ్యపిడి ఉన్నది. వానాకాలంలో మన తలుపులు బిగిసినట్లే, తేమకు ఆ పిడి ఉబ్బి అలుగును బిగపట్టేది. అప్పుడు పిడి అడుగుభాగాన్ని గట్టి బల్లమీద తట్టితే అలుగు కొస బయటకు వచ్చేది. దీనికి 'సవాయ్ దెబ్బ' అనే పేరే వచ్చినది. 1955లో ఈ చాకుకు ఒక ఉక్కు ఉంగరం అమర్చినారు. దానిని త్రిప్పితే తెరచిన అలుగు మూసుకోదు. అమెరికాలో 1964లో వచ్చిన 'బక్ 110' చాకులో, వెన్నులోని మీట అలుగును గట్టిగా పట్టి నిలుపుతుంది.

అయినను వీటిని తెరవటానికి రెండు చేతులు కావలసినదే. ఒక చేత త్రాడు పట్టుకొని వ్రేలాడుతున్నవాడికి రెండవ చెయ్యి ఎక్కడిది? మీట నొక్కగానే అలుగు దూసుకొనివచ్చే చాకులు లేకపోలేదు. అవి దౌర్జన్యాలకు సాధనాలవుతున్నవని అమెరికా 1958లో రాష్ట్రాలమధ్య వాటి వ్యాపారాన్ని నిషేధించినది. 1959లో బ్రిటన్ వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించినది. అమెరికాలో సాల్ గ్లెసర్ స్థాపించిన స్పైడెర్‌కో సంస్థ, 1981లో స్ప్రింగు తోపు లేకుండనే పని జరిగే మార్గం చూపినది. అలుగులో ఒక గుండ్రని రంధ్రం, అంతే. బొటనవేలి మెత్తని భాగం అందులో కుదురుకొంటుంది. పిడి పట్టుకొన్న చేతి బొటనవేలే అలుగును త్రిప్పి తెరుస్తుంది. గోటితో పని లేదు. ఇంత తేలిక ఉపాయానికి ఇన్ని శతాబ్దాలు పట్టటం వింతగానే ఉన్నది.

స్విట్జర్లండు సైన్యానికి కార్ల్ ఎల్సెనర్ 1891లో అందించిన చాకు గోటితో తెరవవలసినదే. ఆ సైన్యమే 2008లో ఒంటిచేత్తో తెరచుకొని, తెరచినచోట బిగుసుకొనే కొత్త చాకును స్వీకరించినది. విచిత్రమేమంటే, పొరుగున ఉన్న జర్మనీలో అదే సంవత్సరం ఏప్రిల్ 1న అటువంటి చాకులను తగిన కారణం లేకుండ బహిరంగ స్థలాలలో వెంట తీసుకొనిపోరాదనే శాసనం అమలులోనికి వచ్చినది. రెండు చేతులతో తెరవవలసిన పాత గోటిగాటు చాకుకు ఆ నిషేధం వర్తించలేదు.