జనం పెరిగారు.. నీటి వాడకం తగ్గింది! అమెరికాలో ఇదెలా?

జనాభా పెరిగితే నీటి వాడకమూ పెరగాల్సిందే కదా! అమెరికాలో మాత్రం సీన్ రివర్స్. దేశం మొత్తం రోజుకు ఎంత నీరు తోడుతోందో అక్కడి జియలాజికల్ సర్వే 1950 నుంచి 2015 దాకా ఐదేళ్లకోసారి లెక్కగట్టింది. 1980లో అది దాదాపు 43,000 కోట్ల గ్యాలన్లు. (గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు.) 2015కి 32,200 కోట్లకు దిగింది. అందులో 87 శాతం మంచినీరు, మిగతాది ఉప్పునీరు. ఈలోగా జనాభా 22 కోట్ల నుంచి 32 కోట్లు దాటింది.

ఎక్కువగా తగ్గింది థర్మల్ విద్యుత్ ప్లాంట్లలోనే. పాత ప్లాంట్లు నది నీటిని తోడి, యంత్రాలు చల్లబరిచి, వేడినీటిని మళ్లీ నదిలోకి వదిలేవి. కొత్తవి కూలింగ్ టవర్లు పెట్టి అదే నీటిని తిప్పి తిప్పి వాడుతున్నాయి. మెలిక ఏంటంటే, టవర్లలో ఆవిరైపోయేది ఎక్కువ. తోడే నీరు తగ్గినంత మాత్రాన అంతా మిగిలినట్టు కాదన్నమాట.

పొలాల్లో స్ప్రింక్లర్లు, డ్రిప్ వచ్చాయి. ఇళ్లలో టాయిలెట్లూ మారాయి. 1992 చట్టం ఫ్లష్‌కు 1.6 గ్యాలన్లే పరిమితి పెట్టింది. అంతకుముందు 3.5 గ్యాలన్లు, కొన్నింటికి ఇంకా ఎక్కువే పోయేది.

అయితే భూగర్భంలో పరిస్థితి వేరు. ఎనిమిది రాష్ట్రాల కింద విస్తరించిన ఒగల్లాలా జలాశయం నుంచి, వాన నీరు ఇంకేదానికన్నా ఎక్కువ తోడేస్తున్నారు. పశ్చిమ కాన్సాస్, ఉత్తర టెక్సాస్‌లో బోర్లు ఎండి, కొందరు రైతులు ఇప్పటికే వర్షాధార పంటలకు మారిపోయారు.