నానీ చాంద్‌బాలీలు

రేపల్లె నుంచి దుల్హన్‌గా తెనాలి వచ్చిన రోజు మా నానీ చెవులకు చాంద్‌బాలీలున్నాయట. నెలవంక ఆకారం, అంచున ముత్యాల ఝాలర్, వెనకవైపు మీనాకారీ.

ఆ పని పేరు కుందన్. లక్క నింపిన గూట్లో రాయి పెట్టి, చుట్టూ మేలిమి బంగారు రేకును అదిమి బిగిస్తారు. మొఘల్ దర్బారుల్లో వికసించిన ఈ హునర్ నిజాముల హైదరాబాద్‌లోనూ వెలిగింది. మసీదు గోడల మీది బేల్‌బూటాలే మీనా రంగుల్లో నగ వెనక్కి చేరాయి. ఒంటికి తగిలే ఆ వైపు ఎవరికీ కనబడదు. అయినా ఉస్తాద్‌లు అక్కడా పూలు పూయించారు!

మన గుంటూరు సర్కారు 1788లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. హుకూమత్ మారినా మా ఇళ్లలో జేవర్ పేర్లు మారలేదు.

1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173ని 218 కోట్లకు కొని భద్రపరిచింది. నానీ నగలకు అంత నసీబ్ లేదు. బాపట్లలో మామూకి జబ్బు చేస్తే అమ్మేసింది. దుకాణంలో రాళ్ల తూకం, లక్క తూకం తీసేసి బంగారానికే లెక్కకట్టారు. పనితనానికి పైసా రాలేదు. తర్వాత కరిగించేసి ఉంటారు.

నేను బాధపడితే నానీ నవ్వింది. "జేవర్ ఔరత్ హఖ్ బేటా. నా హఖ్ నా కొడుకు జాన్ నిలబెట్టింది. గమ్ దేనికి?"

నిజమే. కానీ ఆ ఉస్తాద్ పూలు ఇక ఎవరూ చూడలేరు. మీ ఇంట్లో అలాంటివి ఉంటే, అమ్మేముందు వెనకవైపు కూడా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.