అడవి బడి, కళల బడి: భారతీయ రూపకల్పన విద్యలో వెదురు అధ్యయనం

మద్రాసులో వైద్యుడిగా పనిచేస్తున్న అలెగ్జాండర్ హంటర్ 1850లో అక్కడ ఒక కళాపాఠశాలను స్థాపించాడు. బొంబాయిలో జంషెడ్‌జీ జీజీభాయ్ పేరిట మరొకటి 1857లో మొదలైంది. డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల 1878లో ఏర్పడింది. కళాపాఠశాలల్లో వస్తువుకు రూపమివ్వడం నేర్పారు. అటవీ పాఠశాలలో చెట్టును పెంచడం, కొలవడం, నరికించడం నేర్పారు. రూపమిచ్చేవాడికి చెట్టు గురించి తెలియనక్కరలేదని గాని, చెట్టును పెంచేవాడికి వస్తువు గురించి తెలియనక్కరలేదని గాని ఎవరూ సూత్రంగా రాసిపెట్టలేదు. అయినా రెండు విద్యలూ ఆ నమ్మకంతోనే చాలాకాలం వేరువేరు దారుల్లో సాగాయి. పర్యావరణ బాధ్యత గల రూపకల్పన అనే మాట ఇటీవలిదే కావచ్చు. దాని అవసరం మాత్రం ఈ చీలికతోనే పుట్టింది.

అటవీ విద్య పుట్టుకకు రైలు మార్గాలు ప్రధాన కారణం. పట్టాల కింద స్లీపర్లుగా వేయడానికి టేకు, సాల, దేవదారు దుంగలు అపారంగా కావలసివచ్చాయి. 1864లో ఏర్పడిన అటవీ శాఖకు అధిపతిగా వచ్చిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్ నరుకుడుకు ఒక లెక్క, ఒక క్రమం తెచ్చాడు. జె. ఎస్. గాంబుల్ 1881లో వెలువరించిన భారతీయ కలపల గ్రంథం కలప బరువును, నిర్మాణాన్ని, దేశీయ నామాలను ఒకచోట చేర్చిన గొప్ప కృషి. కాని ఇటువంటి గ్రంథాల్లో చేతివృత్తులవారి జ్ఞానం ‘వాడుక’ అనే ఒకటి రెండు వాక్యాలకు కుదించుకుపోయింది. ఏ కాలంలో నరకాలి, ఎంత వయసు గెడను ఎంచాలి, ఏ పొరను ఏ పనికి తీయాలి అన్న వివేకానికి అక్కడ చోటు దక్కలేదు. చట్టం ఈ దూరాన్ని మరింత పెంచింది. 1927 నాటి భారత అటవీ చట్టం వృక్షశాస్త్రరీత్యా గడ్డిజాతికి చెందిన వెదురును ‘చెట్టు’ నిర్వచనంలో చేర్చింది. తరతరాలుగా దబ్బలు చీల్చి బుట్టలు, చేటలు, తడకలు అల్లుకునే మేదరికి, అతని ముడిసరుకుకు మధ్య అనుమతి పత్రం వచ్చి నిలిచింది.

చీలిన ఈ రెండు విద్యలను కలిపే ప్రయత్నాల్లో చెప్పుకోదగినది అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ నుంచి వచ్చింది. 1961లో ఏర్పడిన ఆ సంస్థలో అధ్యాపకుడైన ఎం. పి. రంజన్, నీలం అయ్యర్, ఘనశ్యామ్ పాండ్యాలతో కలిసి ఈశాన్య రాష్ట్రాల వెదురు, పేము పనితనాన్ని క్షేత్రస్థాయిలో అధ్యయనం చేశాడు. ఫలితం 1986లో గ్రంథంగా వెలువడింది. దానిని హస్తకళల సూచికగా మాత్రమే చూడడం దాని విలువను తగ్గించడమే అవుతుంది. ప్రతి బుట్టనూ కొలిచి, అడుగు ఎలా మొదలైంది, గోడ ఎలా లేచింది, అంచు ఎలా ముగిసింది అని విప్పి చూపిన పద్ధతి అందులో ఉంది. వీపున మోసే అనేక బుట్టలకు అడుగు చతురస్రం, నోరు వృత్తం. నుదుటికి తగిలించుకునే పట్టీ బరువును మోస్తుంది. కట్టెల బుట్టకు అల్లిక కన్నులు పెద్దవి, ధాన్యపు బుట్టకు కన్నులే లేవు. ఇది అలంకారం కాదు. కొండదారిలో రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవలసిన మనిషి, కణుపుల నడుమ దూరం ఎక్కువగా ఉండే పలుచని వెదురు, మోయవలసిన సరుకు కలిసి నిర్ణయించిన రూపమది. దీనిని తరగతి గదిలో గీతలతో మాత్రమే నేర్పడం సాధ్యం కాదు.

వెదురు నేర్పే మరో పాఠం కాలానికి సంబంధించినది. గెడ కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు చేరుతుంది. ఆపై లావెక్కదు, గట్టిపడుతుంది. మూడు నాలుగేళ్లు ఆగి, వానలు వెళ్లాక, గెడలో పిండిపదార్థం తగ్గిన కాలంలో నరికితే పురుగు తక్కువగా పడుతుంది. అంటే వస్తువు మన్నిక నరికే రోజుతోనే మొదలవుతుందన్నమాట. ఇంతకన్నా దీర్ఘమైన లెక్క కూడా ఉంది. మిజోరం కొండల్లోని ములి వెదురు సుమారు 48 ఏళ్లకొకసారి ఒక్కుమ్మడిగా పూసి చనిపోతుంది. గింజలు తిని పెరిగిన ఎలుకలు పంటలపై పడతాయి. 1959 నాటి పూత తెచ్చిన కరువు ఆ ప్రాంత రాజకీయాలనే మార్చివేసింది. పూత మళ్లీ 2006–07లో వచ్చింది. ఒకే జాతి వెదురుపై పరిశ్రమను నిలపాలనుకునే రూపకర్త ముందుగా చదవవలసిన చరిత్ర ఇది.

ఇంగ్లండులోని డోర్సెట్‌లోనూ 1980లలో దాదాపు ఇదే ఆలోచన సాగింది. కలపశిల్పి జాన్ మేక్‌పీస్ హుక్ పార్క్ అనే అడవిని పాఠశాలగా మలిచాడు. అడవిని పలుచన చేసేటప్పుడు తీసివేసే సన్నని స్ప్రూస్ మానులతో ఫ్రై ఓటో వంటి రూపకర్తల సాయంతో భవనాలు లేచాయి. 2002 నుంచి అది లండన్‌లోని ఒక వాస్తుశిల్ప పాఠశాల నిర్వహణలో ఉంది. అయితే అక్కడ అడవీ బడీ ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. భారతదేశంలో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ అడవికి అధిపతి వేరు, బడికి అధిపతి వేరు, అడవిని ఆధారం చేసుకొని బతికేవారు వేరు. అందుచేత ఆ నమూనాను యథాతథంగా అనుకరించడం కుదరదు.

తెలుగు ప్రాంతంలో ఈ సమస్య కొండపల్లిలో, ఏటికొప్పాకలో కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు ఆధారం. తేలికైన, మెత్తని తెల్లపొణికి రైలు స్లీపరుకు పనికిరాదు, బొమ్మకు మాత్రం అదే ప్రాణం. చింతగింజల పిండితో అతికిన అవయవాలు, రంగులు, దశావతారాల సంప్రదాయం గురించి తెలుగులో వ్యాసాలకు కొరత లేదు. చెట్టు ఎక్కడ మొలుస్తుంది, ఎన్నేళ్లకు పనికొస్తుంది, నరికినచోట మళ్లీ ఎవరు నాటుతున్నారు అన్న ప్రశ్నలు మాత్రం జానపద కళల అధ్యయనంలో అరుదుగానే వినిపిస్తాయి. కళాచరిత్ర కూడా హంటర్ నాటి విభజననే పాటిస్తోందనడం అతిశయోక్తి కాదు.

చట్టం కొంత కదిలింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. ఆ హక్కు ఆధారంగా మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా గ్రామసభ 2011లో వెదురు రవాణా అనుమతులిచ్చే అధికారాన్ని పొందింది. 2017 సవరణ ‘చెట్టు’ నిర్వచనం నుంచి వెదురును తొలగించింది. పొలం గట్టున పెంచిన వెదురును చీల్చి పాఠం చెప్పడానికి అధ్యాపకుడికి ఇప్పుడు అడ్డు లేదు. అడవిలో పుట్టిన వెదురు మాత్రం నేటికీ అటవీ ఉత్పత్తే.