కానరాని సేవకుని చరిత్ర



మా మంగంపేట పేరు వినగానే ముగ్గురాయి జ్ఞప్తికి వచ్చును. ఇచ్చట త్రవ్వితీసిన ఆ రాయిని పొడిచేసి, చమురుబావులు తొలుచునప్పుడు వాడు బురదలో కలుపుదురు. అది మిక్కిలి బరువైన రాయి. ఆ బరువుచేత లోతునందలి వాయువు పైకి చిమ్మకుండ అదిమి పట్టును. బండిలో పెట్రోలు పోయించుకొనువాడు ఆ పొడిని ఎన్నడును చూడడు. మన చేతిలోని ఫోనునందును అట్టి కానరాని పనివాడొకడు కలడు. వాని చరిత్రమే నేటి ప్రసంగము.

నేను వానిని ఎరిగినది నా తెలివితక్కువ చేతనే. కొంతకాలము క్రిందట, ఛార్జి త్వరగా తరిగిపోవుచున్నదని, పేరు తెలియని యొక ప్రోగ్రామును నేనే ఆపివేసితిని. సాయంకాలము వరకు కుమారుని సందేశములు రాలేదు. పటములో నేనెచ్చటనున్నదియు కనబడలేదు. ఫోను చెడినదని వగచితిని. మనుమడు వచ్చి చూచి, “జేజినాయనా, నీవు ఆపినది గూగుల్ ప్లే సర్వీసెస్. సగము పనులు దానిమీదనే నడుచును” అని చెప్పి మరల నడిపించెను.

ఆండ్రాయిడ్ అను సంస్థ 2003లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టెను. 2005లో గూగుల్ కంపెనీ దానిని కొనెను. 2007 నవంబరులో పెక్కు కంపెనీలను కూడగట్టి ఆండ్రాయిడును లోకమునకు ప్రకటించెను. 2008లో దానితో తొలి ఫోను వెలువడెను. ఈ ప్రోగ్రాము యొక్క మూలపు వ్రాత బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, తమ ఫోనులలో వాడుకొనవచ్చును. ఊరుమ్మడి చెరువు వంటిదన్నమాట.

అయితే ఒక చిక్కు కలిగెను. క్రొత్త కూర్పు వచ్చినప్పుడెల్ల, ఫోనులు చేయు కంపెనీలు దానిని పాత ఫోనులకు అందించుటలో జాగు చేయుచుండెను. కొన్ని ఫోనులకు అది ఎన్నడును అందలేదు. అందువలన 2012లో గూగుల్ వారు ప్లే సర్వీసెస్ అను వేరొక పొరను తెచ్చిరి. ఇది ఫోను చేసినవారి ప్రమేయము లేకయే, మనము నిద్రించుచుండగా సైతము, తనంతట తాను క్రొత్తదగుచుండును. మనమున్న చోటును కనుగొనుట, ఖాతాలోనికి ప్రవేశము, సందేశములను చేరవేయుట మొదలగు పనులు దీని పాలయ్యెను.

దీని మేలును కాదనరాదు. సందేశముల సంగతియే చూడుడు. ప్రతి యాపును తన వార్తకై వేరువేరుగా మాటిమాటికి బయటికి పోయి అడిగినచో ఛార్జి నిలువదు. ఊరందరి ఉత్తరములను ఒక్క తపాలా బంట్రోతు తెచ్చినట్లు, ఈ సేవ ఒక్క దారిని తెరచియుంచి, పెక్కు యాపుల సందేశములను తెచ్చి పంచును. నేను ఆపినది ఆ బంట్రోతునే!

కాని ఈ పొర యొక్క వ్రాత బహిరంగము కాదు. గూగుల్ అనుమతి లేనిదే ఏ కంపెనీయు దీనిని తన ఫోనులో పెట్టరాదు. యాపులు వ్రాయువారు నానాటికి దీనిమీదనే ఆధారపడిరి. ఇందలి బలము 2019లో తేటపడినది. అమెరికా ప్రభుత్వపు ఆంక్షల వలన చైనా కంపెనీయగు హువావే తన క్రొత్త ఫోనులలో ఈ సేవలను పెట్టజాలకపోయెను. బహిరంగమైన ఆండ్రాయిడ్ దానికి మిగిలియే యుండెను; అయినను ఈ సేవలను నమ్ముకొన్న యాపులు అందు సరిగా నడువలేదు. తుదకు తన సేవలను తానే నిర్మించుకొనవలసి వచ్చెను. చెరువు ఊరిదైనను, నీరుగంటి ఒక్కరి మాటయే వినినట్లయినది.

మన దేశమున ఈ తగవు కాంపిటీషన్ కమిషన్ ఎదుటికి వచ్చెను. 2022 అక్టోబరు 20వ తేదీన కమిషన్ వారు, గూగుల్ తన బలమును దుర్వినియోగము చేసినదని నిర్ణయించి, 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. ఇతరులకు నష్టము కలుగునట్లు ప్లే సర్వీసెస్ ద్వారములను మూయరాదనియు ఆజ్ఞాపించిరి. 2023 మార్చి 29వ తేదీన అప్పీలు ట్రిబ్యునల్ వారు జరిమానాను నిలిపి, నాలుగు ఆజ్ఞలను మాత్రము కొట్టివేసిరి. ద్వారములను గూర్చిన ఆజ్ఞయు వానిలో నొకటి. పిమ్మట వివాదము సుప్రీంకోర్టునకు పోయెను.

పెద్దలారా, కరవుసీమలో నీటి పంపకపు తగవులు తీర్చినవారు మీరు. చెరువు ఎవరిదని అడిగి ఊరకుండరు. తూము తీయువాడు ఎవరి మాట వినునని కూడ అడుగుదురు. నేడు బ్యాంకు లెక్కలును, బిడ్డల క్షేమవార్తలును ఫోను ద్వారముననే వచ్చుచున్నవి. నీరుగంటి వలదని ఎవరు అందురు? వాడు ఎవరి పనివాడో ఎరిగియుండుట మాత్రము మన విధి.